రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి

మొదటి ఫోను కొమ్ముల గురించే.
"శిరస్త్రాణానికి కొమ్ములుండాలి మేడం,
లేకపోతే జనం గుర్తుపట్టరు" అంటాడు ఓస్లో నుంచి నిర్మాత.
లేవండీ. వైకింగులకి కొమ్ములు లేవు.
ఉంటే అవతలివాడి గొడ్డలికి పట్టు దొరుకుతుంది, అంతే.
అటునుంచి నిశ్శబ్దం.
ఆ నిశ్శబ్దానికే నేను గంటల లెక్కన డబ్బు తీసుకుంటాను.

తర్వాత బురద.
నలభై మందిని వరసగా కూర్చోబెట్టి
మేకప్ అమ్మాయి బకెట్టుతో తిరుగుతోంది.
నా సంచిలోంచి దువ్వెన తీశాను.
కొమ్ము కావాలన్నారుగా, ఇదిగో,
దుప్పి కొమ్ము కోసి చేసింది, ఒక పక్క పళ్ళు సన్నం, పేలకు.
లోర్దాగ్ అంటాం మేం శనివారాన్ని,
ఆ మాట వేళ్ళు తవ్వితే స్నానాల రోజు.
వారం వారం తలంటుకున్నవాళ్ళకండీ
మీరు బురద పూస్తున్నది!
"కడిగిన ముఖం కెమెరాకి ఆనదు" అన్నాడు దర్శకుడు, మర్యాదగానే.
బురద ఉండిపోయింది.
సినిమా చివర నా పేరూ ఉంది,
ఇంగెబ్యోర్ హౌగ్లాండ్, చరిత్ర సలహాదారు,
గుర్రాలకి మేత వేసినవాళ్ళ కింద.

నాకు తెలిసినవి ఎవరూ అడగరు.
ఒక్క తెరచాపకి ఎన్ని మందల ఉన్ని కావాలో,
ఎందరాడవాళ్ళ వేళ్ళు ఎన్ని చలికాలాలు కదురు తిప్పితే
ఆ వీరుడు ఊరు దాటాడో.
అడిగేవి నాకు తెలీవు.
ఆవిడ సమాధిలో గొడ్డలి ఎందుకు? తెలీదు.
ఓడ ఎక్కేముందు వాళ్ళకి భయం వేసేదా? తెలీదు.
ఇరవై రెండేళ్ళుగా "తెలీదు"కి
బిల్లు వేయడం నేర్చుకుంటున్నాను.

జూలై శనివారాల్లో మాత్రం సలహాలు లేవు.
ఫ్యోర్డు ఒడ్డున సంత, తాడు కట్టిన పచ్చిక,
అస్గౌత్ నన్ను చంపుతాడు.
మామూలు రోజుల్లో పళ్ళ డాక్టరు.
పద్నాలుగేళ్ళుగా రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి,
మొద్దుబార్చిన కత్తిని నా ఎడమ పక్కటెముకల మీద
సూది వేసేముందు చిగురు నొక్కి చూసినంత మెల్లగా ఆనిస్తాడు.
నేను పడతాను.
చచ్చినవాళ్ళకి చాలా కనిపిస్తుంది,
డాలు వెనక దాచిన నీళ్ళసీసా,
ఎవరి చెప్పుకో అంటుకున్న పార్కింగ్ చీటీ,
కొండ దిగి వస్తున్న వాన.

ఈ ఏడు గుడారంలో జావ తాగుతూ
"ఈసారి నువ్వు చంపు" అన్నాడు.
ఎందుకని అడగబోయి చూశాను,
చెంచాలో జావ వణుకుతోంది.
మే నెలలోనే క్లినిక్ మూసేశాడట.
"నిలబడ్డం కష్టంగా ఉంది ఇంగెబ్యోర్.
పడ్డం ఇప్పటికీ బాగానే వచ్చు."

ఎవడు ఏ చేత్తో ఏది పట్టుకోవాలో
ఎందరు నటులకి చెప్పాను నేను!
ఆ చేతికేం చెప్పాలో
తెలీదు.

గొర్రెల కొట్టం వెనక సాధన చేశాం.
తొందరపడుతున్నావ్, అంటాడు.
కత్తిని చూడకు, నా భుజాన్ని చూడు, అంటాడు.
అంత జాలిగా కొడితే ఎవడు చస్తాడు, అని కసిరాడు కూడా.
పదోసారికి "ఆఁ, ఇప్పుడు చచ్చాను" అని
పిల్లాడిలా సంబరపడ్డాడు.

రెండయింది. కొమ్ము ఊదారు,
మొత్తం యుద్ధంలో కొమ్ముకి చోటు అక్కడొక్కటే.
చంపాను.
గొప్పగా పడ్డాడు,
ముందు మోకాలు, తర్వాత డాలు,
చాలాసేపటికి ఆయన,
ఆ చెయ్యిని ఒంటి కింద దాచుకుని.

చప్పట్ల మధ్య తాడు కిందనుంచి దూరి
ఒక పిల్ల వచ్చింది, మోచేతి దాకా కారిన ఐస్‌క్రీముతో.
వంగి చూసింది.
ఉన్నిచొక్కా అంచులోంచి బయటపడ్డ వేళ్ళు
గడ్డిని కదుపుతున్నాయి.
"ఈయన చచ్చిపోలేదు!" అంది, అందరికీ వినపడేలా.

మోకాళ్ళ మీద కూలబడి
ఆ వేళ్ళ మీద నా చెయ్యి వేసి నొక్కాను,
పగ తీరనిదానిలా, శవాన్ని దోచేదానిలా,
చూసేవాళ్ళు ఏమనుకుంటే అది.
"మరి లేస్తాడా?"
లేస్తాడమ్మా.
నాలుగింటికి మళ్ళీ చావాలి కదా.

శవానికి నవ్వొచ్చినట్టు
నా అరచేతికి తెలిసింది.